తీరనివ్వని బాకీ

నేను ఒక గ్రైండర్‌ను. వంటగట్టు మీద కూర్చుని గుప్పెడు కొబ్బరికే ఆయాసపడిపోయే ఇళ్ల రకాన్ని కాను. నేల మీద నాలుగు ఇనప కాళ్లతో నిలబడి, ఒక్క వాయిలో బక్కెట్టెడు పప్పును వెన్నలా చేసే హోటలు రకాన్ని. కోయంబత్తూరు అవతల ఎక్కడో ఒక కొండను పగలగొడితే ముక్కగా రాలాను. ఒక ముసలాయన తాటాకు పందిరి కింద కూర్చుని నన్ను ఉలితో గుండ్రంగా చెక్కాడు. చెక్కినంతసేపూ తన తమ్ముణ్ని తిడుతూనే ఉన్నాడు. పొలం గట్టు దగ్గర ఏదో తగాదా అట. ప్రతి తిట్టుకూ ఒక దెబ్బ. నాలో మెత్తదనం లేకపోవడానికి కారణం అదేనేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

చుట్టూ స్టీలు డబ్బా, కింద మోటారు, బెల్టు అమర్చి, గడ్డి చుట్టి నన్ను రైలెక్కించారు. సామర్లకోటలో దించారు. స్టేషనుకు ఎదురుగా ఉన్న పేర్రాజు గారి టిఫిను హోటలుకు వచ్చాను. మొదటి రోజు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. రెండో రోజు నుంచి ఎవరూ బొట్టు పెట్టలేదు. మనుషుల మర్యాద సంగతి అప్పుడే కొంత తెలిసింది.

మిగతాది నూకరత్నం వల్ల తెలిసింది.

ఆమెకు అప్పటికి ముప్పై దాటాయి. లారీ మీద క్లీనరుగా వెళ్లిన మొగుడు తుని దగ్గర యాక్సిడెంటులో పోయాడు. పిల్లల్లేరు. రైసుమిల్లు వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. నేను రాకముందు హోటలు పిండంతా చేత్తోనే రుబ్బేదట. నన్ను చూసి నవ్వింది. “రావే తల్లీ, నా చేతులు పోయే ముందరే వచ్చావు,” అంది. పప్పు ఎంతసేపు నాననివ్వాలో, నీళ్లు ఎప్పుడు చిలకరించాలో ఆమె చేతివేళ్లకే తెలుసు. పేర్రాజు గారి ఇడ్లీ అని జనం చెప్పుకున్నది నిజానికి నూకరత్నం ఇడ్లీ. నన్ను చెక్కినవాడి పేరు ఎవరూ అడగనట్టే ఆమె పేరూ ఎవరూ అడగలేదు.

నెలాఖరున జీతం ఇచ్చేటప్పుడు పేర్రాజు గారు కొంత పట్టుకునేవారు. “నీ చేతిలో పెడితే నిలుస్తాయా? నా దగ్గర ఉంటే నీ ముసలితనానికి పనికొస్తాయి. నేనున్నానుగా,” అనేవారు. ఆ ఆఖరి మాట అనేటప్పుడు ఆయన గొంతు చాలా చల్లగా ఉండేది. వంటవాళ్ల దగ్గరా, బల్లలు తుడిచేవాళ్ల దగ్గరా, అందరి దగ్గరా అలాగే పట్టుకునేవారు. ఆ డబ్బుతోనే హోటలుకు పై అంతస్తు లేచింది. నాకు కళ్లు లేకపోయినా ఆ సంగతి కనిపించింది. కళ్లున్నవాళ్లు ఆయన చల్లని గొంతు విని ఊరుకున్నారు.

నూకరత్నానికి నలభై అయిదు వచ్చేసరికి మణికట్లు వాచేవి, మోకాలు సహకరించేది కాదు. ఒక ఉదయం పేర్రాజు గారు కొత్త గ్రైండరు దింపించారు. దానితో పాటు ఒక కొత్త పిల్లనీ తీసుకొచ్చారు. నన్ను వంటింట్లోంచి లాగించి గల్లాపెట్టె పక్కన పడేయించారు. నూకరత్నాన్ని అక్కడికి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు.

“అలాగేనండి బాబుగారూ,” అందామె. నా అంచు మీద చెయ్యి ఆనించింది. “మరి నా డబ్బులండి?”

“ఏ డబ్బులే?”

“అదేనండి, నెలనెలా మీరు అట్టేపెట్టినవండి. నా ముసలితనానికని మీరే అన్నారు కదండి.”

హోటలు నిండా జనం. రైలు దిగినవాళ్లు, ఎక్కాల్సినవాళ్లు అందరూ తలెత్తి చూశారు. పేర్రాజు గారికి జనం ముందు మాట్లాడటం ఇష్టం. గొంతు పెంచారు.

“ఇన్నేళ్లూ రెండు పూటలా తిన్న తిండి ఎవరిదే? జొరమొస్తే మందులు కొన్నదెవరు? పండక్కి చీరలెట్టిందెవరు? అవన్నీ లెక్కేస్తే నువ్వే నాకు ఎదురివ్వాలి! అయినా ఉత్తి చేతుల్తో పంపానన్న మాట నాకొద్దు. అదిగో, ఆ పాత గ్రైండరు పట్టుకుపో. కాళ్లూ చేతులూ పడిపోయాక ఎలాగూ ఈ గుమ్మానికే వస్తావు. అప్పుడో ముద్ద పడేస్తాలే.”

కొందరు నవ్వారు. నా అంచు మీద ఆమె చెయ్యి ఉంది. ఆ చెయ్యి వణికింది. ఏడుపేమో అనుకున్నాను. కాదు. ఏడుపు వణుకు నీళ్లలా జారిపోతుంది. ఇది నా మోటారు వణుకులాంటిది, లోపల ఏదో తిరగడం మొదలైనప్పుడు వచ్చేది.

రిక్షా మీద నన్ను గదికి తీసుకెళ్లింది. తలుపు వేసింది. నా ముందు చతికిలబడి, తడి గుడ్డతో నా డబ్బా తుడుస్తూ మెల్లిగా అంది: “ఒసే రాయీ, నువ్వూ నేనూ కలిసి ఆ మనిషిని రుబ్బాలే.”

నాకు అభ్యంతరం లేదు. పద్నాలుగేళ్లు పనిచేసిన నన్ను కూడా ఆయన తీసిపారేశాడు కదా!

మర్నాటి నుంచే ఆమె పిండి అమ్మకం మొదలుపెట్టింది. స్టేషను రోడ్డులోకి తిరిగే సందు మొదట్లో ఒక బల్ల వేసుకుంది. పేర్రాజు గారి హోటలుకు ఎవరు వెళ్లాలన్నా ఆ బల్ల ముందు నుంచే వెళ్లాలి. మొదట పిండి, తర్వాత పొయ్యి పెట్టి ఇడ్లీ. ఆ హోటలుకు అలవాటైనవాళ్లు ఒక్కొక్కరూ ఆగి, ఒక ముక్క నోట్లో వేసుకుని, “అదేంటి, పేర్రాజు గారి ఇడ్లీలా ఉందే!” అనేవారు. “ఆయన ఇడ్లీ కాదండి, నాదే అక్కడుండేదండి,” అనేది నూకరత్నం. ఆ మాట రోజూ అనేది. ఎన్నిసార్లు అన్నా దాని రుచి ఆమెకు తగ్గలేదు.

కొన్ని నెలలకు కాస్త డబ్బు చేరింది. దాంతోపాటే ఒక పెద్దమనిషి చేరాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి. మూడేళ్లలో రెండింతలు చేసి ఇస్తానన్నాడు. నూకరత్నం సరేననబోయింది. ఆ రోజు ఎస్తేరు టీచరు పిండికి రాకపోతే డబ్బు పోయేదే. ఎస్తేరు టీచరు మిషను బళ్లో లెక్కలు చెప్పేది. పెన్షన్ లేని ఉద్యోగం. నూకరత్నం కంటే నెలో రెండు నెలలో పెద్దది.

“రెండింతలు దేనికి నీకు?” అని అడిగింది టీచరు.

“పేర్రాజు గారి హోటలుకి ఎదురుగుండా హోటలు పెడతానండి. ఆయన్ని రోడ్డు మీద నిలబెడతానండి. పదేళ్లు ఆగమంటే నావల్ల కాదండి టీచరుగారూ.”

“ఒకడు నెలనెలా కాస్త కాస్త పట్టుకుని ఎగ్గొట్టాడు. ఇప్పుడు రెండోవాడికి ఒకేసారి పోసేస్తావా? ఎర్రిదానా!” టీచరు పిండి గిన్నె పక్కన పెట్టి బల్ల చివర కూర్చుంది. “నీ కోపం నాకు తెలుసు. మా ఆయన పందాల్లో నా నగలూ, ఇంటి స్థలమూ ఊడ్చాక నేనూ అలాగే ఉండేదాన్ని. నిరుడే మొదలుపెట్టాను, నలభై నాలుగేళ్లకి. లేటే. ఇరవై అయిదులో మొదలెట్టినవాళ్లతో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. అందుకని పోల్చుకోవడం మానేశాను. చూడు, అరవై దాటాక నీ గదిలో ఒక ముసలమ్మ ఉంటుంది. పిండి రుబ్బలేదు. బల్ల వెయ్యలేదు. ఆవిడకి అన్నం ఎవరు పెడతారు?”

నూకరత్నం పిండి చేతులు చెంగుకు తుడుచుకుంది.

“నువ్వే పెట్టాలి. ఇవాళ్టి నుంచే పెట్టాలి. ఆ ముసలమ్మవి నువ్వే మరి.”

“ఆ ముసలమ్మ పేర్రాజు గారి గుమ్మం తొక్కకూడదండి. అదొక్కటే నాకు కావాలండి,” అంది నూకరత్నం.

“అయితే రేపు పోస్టాఫీసుకు రా.”

పదిహేనేళ్లు కదపడానికి పెద్దగా వీల్లేని ఖాతా ఒకటి పోస్టాఫీసులో తెరిపించింది టీచరు. మరి కొంత, చాలా కొంచెం, నెలనెలా షేర్ల బజారులోకి వెళ్లే ఒక ఫండులో వేయించింది. “ఇది పడుతుంది, లేస్తుంది. పడ్డప్పుడు భయపడి తీసేసినవాళ్లే మునుగుతారు. నీకు గుండె ఉందా?” అని అడిగింది. “గుండెలో ఉన్నది తెలుసు కదండి మీకు,” అంది నూకరత్నం.

మనుషులు కోపం మంచిది కాదని పిల్లలకు చెప్తారు. నేను చూసింది చెప్తున్నాను. ప్రతి నెలా మొదటి వారంలో ఆ కిస్తీ కట్టించింది ఆమె కోపమే. వానొచ్చి పిండి పులిసిపోయిన నెలలో కూడా కట్టింది. ఒకసారి నా మోటారు కాలిపోయింది. చేతిలో ఉన్న డబ్బు మోటారుకైనా సరిపోవాలి, కిస్తీకైనా సరిపోవాలి. నేను ఆశగా చూశాను. ఆమె కిస్తీ కట్టి వచ్చి, పక్కింటి రుబ్బురోలు అడిగి తెచ్చుకుని, వాచిన మణికట్లతో నెలంతా చేత్తో రుబ్బింది. నొప్పి పుట్టినప్పుడల్లా పళ్ల మధ్య నుంచి, “అన్నం ముద్ద పడేస్తాడంట,” అనేది. మూలన కూర్చున్న నాకు అసూయ వేసింది. ఆ పగ నాతోనే రుబ్బాల్సింది.

కానీ నూకరత్నం కిస్తీలు కట్టుకుంటూ ఊరుకునే మనిషి కాదు. పేర్రాజు గారి వంటింటి మనుషులు ఇంటికెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగేవారు. పెద్ద వంటవాడు అప్పన్న రోజూ వచ్చేవాడు. “నీ జీతంలో ఎంత పట్టుకుంటున్నాడు?” అని అడిగేది. “ఎప్పుడైనా అడిగావా? అడిగి చూడు. నాకేం జరిగిందో చూశావు కదా.” ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు తీసుకెళ్లింది. ఇక నుంచి పూర్తి జీతం చేతికిమ్మని వాళ్లు అడగడం మొదలుపెట్టారు. పాత డబ్బు సంగతి ఎత్తితే మాత్రం పేర్రాజు గారు, “చూద్దాంలే,” అనేవారు.

ఆ చూడటం ఆయన షష్టిపూర్తి నాడు కుదిరింది.

కల్యాణమండపం తీసుకున్నారు. కాకినాడ నుంచి వియ్యాలవారు, రాజమండ్రి నుంచి స్నేహితులు వచ్చారు. హోటలు మనుషులందరికీ ఆ రోజు వంటలు, వడ్డనలు అక్కడే. ఆయన భార్య సుందరమ్మ గారు మాత్రం గారెలు నూకరత్నం చేతివే కావాలని పట్టుబట్టి కబురంపారు. నూకరత్నం వెంటనే ఒప్పుకుంది. నన్ను తోపుడుబండి మీద ఎక్కించుకుని తనే వచ్చింది. మండపం వెనక, నేలలో తవ్విన గాడిపొయ్యిల పక్కన నన్ను నిలబెట్టింది.

పదకొండు దాటాక మొదటి బంతి కూర్చుంది. ముందు వరసలో వియ్యంకుడు. విస్తళ్లు వేశారు. నీళ్లు చల్లారు. ఉప్పు వడ్డించారు. అంతే. నూకరత్నం వంగి నా స్విచ్చి ఆపింది. నేను ఆగిపోయాను. అప్పన్న గరిటె కింద పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. అందరూ గాడిపొయ్యిల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పట్టు పంచె ఎగ్గట్టుకుని పేర్రాజు గారు పరుగున వచ్చారు. “ఏంట్రా ఇది? బంతి కూర్చుంటే!”

“మా డబ్బులిచ్చేయండి బాబుగారూ,” అన్నాడు అప్పన్న. “ఇచ్చాక వడ్డిస్తామండి.”

“ఇవాళా అడగడం? మనుషులేనా మీరు?”

“జీతం ఇచ్చినప్పుడు అడిగితే చూద్దామన్నారండి. ఇవాళ చూడండి,” అంది నూకరత్నం.

ఆయన పళ్లు కొరుకుతూ, “గొంతు తగ్గించవే,” అన్నారు. ఆమె పెంచింది. నా మోటారు గోలను దాటి వినిపించడం అలవాటైన గొంతది. మండపం చివరి దాకా వెళ్లింది. ఎవరి జీతంలో ఎన్నేళ్లు పట్టుకున్నారో, ఎవరి పెళ్లాం ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడిగితే ఏమన్నారో ఒక్కొక్కటీ చెప్పింది. వియ్యంకుడు ఖాళీ విస్తరి ముందు నుంచి లేచాడు. ఆయన వెనక మరి నలుగురు లేచారు. సుందరమ్మ గారు ఏడుస్తూ, “ఇచ్చెయ్యండీ, పరువు పోతోంది,” అన్నారు.

మండపం గుమ్మం దగ్గర మైకు పెట్టి చదివింపులు రాయిస్తున్నారు. ఆ డబ్బు పెట్టె తెప్పించారు. పది నిమిషాల కిందట మైకులో పేర్లు చదివి మరీ పుచ్చుకున్న నోట్లు అప్పన్న చేతిలోకి, ఆ తర్వాత మిగతావాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. పెట్టె చాలక కొడుకు బ్యాంకుకు పరిగెత్తాడు. అందరివీ తీరాక పేర్రాజు గారు చెమట తుడుచుకుంటూ ఒక కట్ట తీసి నూకరత్నం ముందుకు విసిరారు.

“ఇదిగో, నీది కూడా. పట్టుకుపో.”

ఆమె దాన్ని వంగి తీసింది. దుమ్ము దులిపి తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

“నాది వద్దండి. మీ దగ్గరే ఉంచుకోండి. ఈ జన్మకి నేను పుచ్చుకోనండి. వచ్చే జన్మలో మా ఇంట్లో పుట్టి, నా పిండి రుబ్బి తీర్చుకోండి.”

అక్కడే ఉన్న పురోహితుడు చటుక్కున శివ శివా అన్నాడు. పేర్రాజు గారు మొదట నవ్వబోయారు. పురోహితుడి ముఖం చూశాక నవ్వలేదు. నూకరత్నం నా స్విచ్చి వేసింది. ఆ రోజు గారెలు చాలా బాగా వచ్చాయి. తిన్నవాళ్లు తక్కువ.

అక్కడి నుంచి పేర్రాజు గారికి రోజులు కలిసిరాలేదు. మనుషుల డబ్బుతో తిరిగిన హోటలు, ఆ డబ్బు పోగానే తడబడింది. అప్పన్న వేరే ఊరు వెళ్లిపోయాడు. దేశమంతా జబ్బు వచ్చి రైళ్లు ఆగిపోయిన ఏడాది స్టేషను ముందు కుక్కలు తప్ప ఎవరూ లేరు. హోటలు మూతపడింది. ఇళ్లలో ఉండిపోయిన జనానికి మాత్రం ఇడ్లీ పిండి కావాలి. నేను అంత పని అంతకు ముందు చెయ్యలేదు.

ఆ ఏడాదే షేర్ల బజారు కూలింది. నూకరత్నం ఫండులో మూడో వంతు ఆవిరైందని ఎవరో ఫోనులో చూసి చెప్పారు. ఆ కబురు పేర్రాజు గారికీ చేరింది. “అందుకే నా దగ్గర ఉంచమన్నాను,” అని నవ్వారట. ఆ సాయంత్రం నూకరత్నం టీచరుకు ఫోను చేసింది.

“టీచరుగారూ, కిస్తీ పెంచుకోవచ్చాండి?”

“భయం వెయ్యట్లేదా నీకు?”

“వేత్తందండి. చచ్చేంత భయం వేత్తందండి. కానీ ఇప్పుడు తీసేత్తే ఆయన నవ్వింది నిజమైపోద్దండి.”

పెంచింది. రెండేళ్లకు ఆ ఫండు కోలుకుని పైకి వెళ్లింది. ఆమె తెలివి అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకున్నారు. తెలివి కాదని నాకూ, టీచరుకూ తెలుసు.

నూకరత్నానికి అరవై వచ్చాయి. పోస్టాఫీసు ఖాతా గడువు తీరింది. రెండూ కలిపి చూస్తే పెద్ద సొమ్మేమీ కాదు. మేడలు రావు. కానీ అద్దె, బియ్యం, మాత్రలు, నెలకోసారి అన్నవరం వెళ్లిరావడానికి సరిపడా నెలనెలా తీసుకునేలా టీచరు ఏర్పాటు చేసింది. ఆమె బల్ల ఎత్తేద్దామనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఆటో ఆగింది. కర్ర పట్టుకుని పేర్రాజు గారు దిగారు. సగమైపోయారు. సుందరమ్మ గారు పోయి ఏడాదైంది. కొడుకులు హోటలు గదులను సెల్‌ఫోన్ల షాపుకు ఇచ్చేసి ఆయనకు వెనక గది ఇచ్చారు.

నూకరత్నం కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. ఆయన నీళ్లు తాగకుండా గుడ్డ సంచి ఆమె ముందు పెట్టారు.

“అమ్మా, నూకరత్నం. వడ్డీతో తెచ్చాను. మా ఆవిడ ఉంగరాలమ్మి తెచ్చాను. పుచ్చుకో తల్లీ.”

“వద్దన్నాను కదండి బాబుగారూ.”

“మనిషిని పంపించాను, తిప్పి పంపావు. మనియార్డరు చేశాను, వెనక్కొచ్చింది. పడుకుంటే పప్పు రుబ్బుతున్నట్టు చప్పుడు వినిపిస్తోందే. నేను పోతే ఈ బాకీ ఏమవుతుంది?”

“మీతోనే వత్తదండి,” అంది నూకరత్నం. గొంతులో కోపం లేదు. నీళ్ల గ్లాసు ఆయన చేతికి దగ్గరగా జరిపింది. “ఎండలో వచ్చారు. తాగండి.”

ఆయన ముఖం చూస్తే నాలాంటి రాయికి కూడా ఏదోలా అయింది. ఆమెకు కాలేదు. ఆటో దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, సంచి ఆయన ఒళ్లో పెట్టి పంపేసింది.

పిండి కోసం వచ్చి అంతా చూసిన ఎస్తేరు టీచరు మండిపడింది. “ఏం మనిషివే నువ్వు! అది నీ కష్టార్జితం. ఆ రోజు షష్టిపూర్తిలో తీసుకుని ఫండులో వేసుంటే ఇవాళ్టికి ఎంతయ్యేదో తెలుసా? నీ మోకాలి ఆపరేషను అయిపోయేది. క్షమించమనట్లేదు నేను. డబ్బు తీసుకోమంటున్నాను!”

“తెలుసండి. ఎంతయ్యేదో రాత్రిళ్లు నేనూ లెక్కేసుకున్నానండి.” నూకరత్నం మోకాలు నిమురుకుంటూ నేల మీద కూర్చుంది. “పదిహేనేళ్లు, మంచి చీర చూసినా కిస్తీ గుర్తొచ్చి ముందుకెళ్లిపోయానండి. సినిమాకెళ్లలేదు. మామిడిపండు కూడా రేటు పడ్డాకే కొన్నానండి. నాకంటూ నేను పెట్టుకున్న ఖర్చు ఇదొక్కటేనండి. ఇది కూడా మానెయ్యమంటారేంటండీ?”

లెక్కల టీచరు వేళ్ల మీద ఏదో లెక్కెయ్యబోయి ఆపేసింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఆ వేసవి పోయాక నన్ను అమ్మేసింది. పెద్దాపురం రోడ్డులో ఇనప సామాను కొట్టు. డబ్బాను కరిగించడానికి పట్టుకెళ్లారు. మోటారులో రాగి తీగ లాగేశారు. రాయిని మాత్రం ఎవరూ కొనలేదు. గోడవారగా పడి ఉన్నాను. వానాకాలంలో పేర్రాజు గారు పోయారని, నూకరత్నం చూడ్డానికి కూడా వెళ్లలేదని కొట్టువాడు ఎవరితోనో అంటుంటే విన్నాను.

మనుషులు చెప్పుకునే వచ్చే జన్మ నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. రాళ్లకు అది వర్తిస్తుందో లేదో అసలే తెలియదు. ఉంటే మాత్రం నేను మళ్లీ నూకరత్నం ఇంటికే వెళ్తాను. మోటారు వద్దు, స్టీలు డబ్బా వద్దు. చేత్తో తిప్పే రుబ్బురోలుగా పుడతాను. ఆయన వచ్చి తిప్పాలి కదా.